దొరగారికి కళ్ళు దిద్దిన కూర్మమ్మ

మా వీధిలో మట్టి గౌరమ్మను నిలబెట్టిన ప్రతిసారీ కళ్ళు దిద్దేది కూర్మమ్మే. రంగులు పడి, చీర కట్టి, అమ్మవారు సిద్ధంగా ఉన్నా సరే, ఆ నల్లగుడ్లు పడేదాకా మావాళ్ళెవరూ దండం పెట్టరు. ఆ రోజు కూర్మమ్మ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు, నోరు విప్పదు. ఆముదం దీపానికి పట్టిన కాటుకను ఆముదంలోనే రంగరించి, పుల్ల కొసకు అద్ది, ఒక్క ఊపులో గీసేస్తుంది. ఆమె నోరు మూతపడేది ఆ ఒక్క రోజే. మిగతా రోజుల్లో ఆ నోటికి నేనే జడుస్తాను. నాకు జడిసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

మొగుడు సూరయ్య వేటకెళ్ళి సముద్రంలో పోయాక చేపల గంప నెత్తికెత్తుకుంది. మోకాళ్ళు అరిగిపోయాక గంప దించి, దివాణంలో ఊడ్చే పనికి చేరింది. జమీందార్లు వదిలిపోయిన ఆ మేడలో ఇప్పుడు పుస్తకాలు పెట్టి గ్రంథాలయం అంటున్నారు. చదివేవాళ్ళకన్నా ఫ్యాను కింద కునుకు తీసేవాళ్ళే ఎక్కువ.

ఆ వసారాలో దిమ్మ మీద పాత దొరగారి పాలరాతి బొమ్మ ఉంది. తల, మెడ, భుజాలు, అంతే. ఇంగ్లండు శిల్పి చేశాడట. ఉంగరాల జుట్టు, కోటేరు ముక్కు. చొక్కా లేదు, భుజం మీద దుప్పటిలాంటి గుడ్డ మడతలు పడి ఉంటుంది. స్నానం చేసి వస్తుంటే పట్టుకుని చెక్కేశాడేమోనని నా అనుమానం. మీసంలో వెంట్రుక వెంట్రుకా తెలుస్తుంది. అంత పనిమంతుడు కళ్ళెందుకు వదిలేశాడు? రెప్పలున్నాయి, లోపల నల్లగుడ్డు లేదు. ఒలిచిన కోడిగుడ్డులా తెల్లగా, నున్నగా ఉంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు అంతుపట్టలేదు.

కూర్మమ్మకు అంతుపట్టింది. "సెక్కినోడు సెక్కి ఎల్లిపోనాడు వదినా. కళ్ళు దిద్దీవోడు రానేదు. అంతే."

ఇంతలో దొరగారి మనవరాలు అనూరాధమ్మ విజయనగరం నుంచి ఆదివారం వస్తోందని కబురొచ్చింది. "మనవరాలొస్తే గుడ్డి తాతని సూపిత్తామేటి?" అని కూర్మమ్మ ఒకరోజు పస్తుండి, నోరు కట్టుకుని, కాటుక పట్టి కళ్ళు దిద్దేసింది.

నేనూ వెళ్ళి చూశాను. ఉన్నమాట చెప్పాలి, బాగా దిద్దింది. మెట్టెక్కినవాళ్ళనల్లా దొరగారు నిలదీసి చూస్తున్నారు. ఫ్యాను కింద కునుకులు ఆగిపోయాయి.

పంచాయతీ ప్రెసిడెంటు ధనరాజు పరుగున వచ్చాడు. "ఏటి పిన్నీ ఈ పని? ఆయమ్మ వొచ్చేసరికి ఇది పోకపోతే, సోమారం నుంచి నువ్వు రానక్కర్నేదు!"

మట్టి మీదైతే తడిగుడ్డకు పోయేది. రాయి ఆముదాన్ని తాగేసింది. కుంకుడురసం పెట్టి రుద్దితే నలుపు కాస్తా బూడిదరంగై కళ్ళ కింద పాకింది. దొరగారు వారం రోజులు నిద్రలేనివాడిలా తయారయ్యారు.

కూర్మమ్మ మా అరుగు మీద కూలబడింది. "ఈ పని పోతే నానేటి సెయ్యను వదినా? గంప ఎత్తనేను."

"ముందు నన్నడిగితే నోరరిగిపోద్దేటే? లెగు. ఆదోరం నానూ వొత్తాను."

ఆదివారం అనూరాధమ్మ ఆటో దిగింది. తల నెరిసిన మనిషి. బొమ్మ దగ్గరకెళ్ళి ఆ కళ్ళలోకి చూసింది.

"ఎవరు దిద్దారు?"

ధనరాజు నోరు తెరిచేలోపే, నేను కల్పించుకునేలోపే కూర్మమ్మ ముందుకొచ్చింది. "నానేనమ్మా. కళ్ళు దిద్దకుండా వొగ్గేసినారు, సూడనేకపోనాను."

"వదిలెయ్యలేదమ్మా. వాళ్ళ పద్ధతే అది. నల్లగుడ్డు పెట్టరు."

"మరి ఆయనెలాగ సూత్తాడు?"

"చూడడు. బొమ్మే కదా."

"సూడని బొమ్మకి ఇంత సోకెందుకమ్మా?"

అనూరాధమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే ముఖం బిగించింది. "నవ్వొచ్చింది గానీ, రాయి పాడైందమ్మా. చెయ్యకూడని పని చేశావు."

"ఈవిణ్ణి రేపే తీసేస్తానండి," అన్నాడు ధనరాజు.

"మరి ఇల్లెవరు ఊడుస్తారు? ఇంత శుభ్రంగా నేనిక్కడ ఎప్పుడూ చూడలేదు. ఉండనివ్వండి. తాతగారిని మాత్రం ఆవిడ ముట్టుకోకూడదు."

వేరొకరైతే కాళ్ళు పట్టుకునేవారు. కూర్మమ్మ కొంగు దోపుకుంది. "ముట్టుకోనమ్మా. దుమ్ము పడితే మాత్రం నన్నడక్కండి."

తరవాత పట్నం నుంచి ఒకాయన వచ్చి కళ్ళకు మరక లాగే తెల్లటి ముద్ద పట్టించి గుడ్డ కట్టాడు. శుక్లాల ఆపరేషన్ అయిన పేషెంటులా దొరగారు రెండ్రోజులు అలాగే ఉన్నారు. విప్పితే ఎడమ కన్ను తెల్లబడింది, కుడి కంట్లో నీడ మిగిలింది. అంతకన్నా పోదన్నాడు.

ఇప్పుడు దివాణం నేల అద్దంలా ఉంటుంది. దొరగారి చెవి నుంచి భుజం దాకా సాలెగూడు వేలాడింది.

"పిన్నీ, ఓపాలి తుడిసీరాదా?"

"అమ్మగారు వొద్దన్నారు కదా బాబూ."

చేసేదిలేక ప్రెసిడెంటే తువ్వాలు భుజాన వేసుకుని స్టూలెక్కుతున్నాడు. కూర్మమ్మ చీపురు పట్టుకుని కింద నిలబడుతుంది.

"సెవి ఎనకాల బాబూ. అక్కడ కాదు, సెవి ఎనకాల."