రాజ్యం వెనక్కి తిరిగిన రోజు

ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా కుక్క అన్నది ఏదైనా సరే, మా నానమ్మ పేరు వింటే తోక కాళ్ళ మధ్యకు దూర్చుకుంటుంది. జవహర్‌నగర్ చెత్తగుట్టల మీద పుట్టి, ఎముకల మీద పళ్ళు నూరుకున్న కుక్కలు సైతం తమ పిల్లలు మారాం చేస్తే, "ఊరుకో, నాచారం రాజ్యం వస్తోంది" అని బెదిరిస్తాయి. యముడు ఈమె కోసం ఎప్పుడో రావలసింది. వెంట రావాల్సిన ఆయన కుక్కలు మొరాయించబట్టే ఇంకా రాలేదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక తెగిపడాలి.

తీరా చూస్తే మనిషి ఎంతని! వంటింటి అరలో పప్పుడబ్బా అందుకోవాలంటే పీట ఎక్కాలి. లేచినప్పుడల్లా మోకాళ్ళు కిర్రుమంటాయి. రేపల్లె పక్క పల్లెలో పుట్టి, రైల్వేలో గార్డుగా పనిచేసిన మొగుడి వెంట వచ్చి నాచారంలో స్థిరపడింది. మొగుడు పోయాడు, జుట్టు పలచబడింది, చెయ్యి విసరడం మాత్రం తగ్గలేదు. మనవలకు అట్లకాడ, గిన్నెలో మూతిపెట్టిన పిల్లికి చెప్పు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒకసారి ఆటోవాడు ఆమె సంచీ పట్టుకుని తన బండివైపు లాగితే, వాడి చొక్కా పట్టుకుని మెట్రో స్తంభం దాకా ఈడ్చుకుపోయింది. సంచీలో ఉన్నవి రెండు సొరకాయలు.

ఆ చెయ్యి ఎన్నడూ లేవనిది ఒక్క ధనశ్రీ మీదే. ధనశ్రీ ఆమె కూతురు. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఆరో నెల దాకా వచ్చింది. ఉప్పల్‌లో అత్తవారి ఇల్లు పై అంతస్తు, మెట్లెక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. అందుకని నాచారంలో తల్లి దగ్గరికి చేరింది. రాజ్యం ఆ పిల్లను గాజుబొమ్మలా చూసుకుంటూ, కాలనీ పార్కులో నాగులకు మండలం రోజుల ప్రదక్షిణ మొక్కుకుంది.

ఆ పార్కు సంగతి కాస్త చెప్పాలి. మధ్యలో రావి, వేప కలిసి పెరిగాయి. వాటి కింద ఎవరో జంటనాగుల రాయి నిలబెట్టారు. చుట్టూ మునిసిపాలిటీ వాళ్ళు నడకబాట వేశారు. వాళ్ళు వేసింది కొవ్వు కరిగించుకోవడానికి. కాలనీ ఆడవాళ్ళు మాత్రం, రాయి మధ్యలో ఉంది కనుక ఇది ప్రదక్షిణ మార్గమేనని తేల్చేశారు. అప్పటి నుంచి అందరూ కుడివైపుగానే తిరుగుతారు. చుట్టు మొదలుపెట్టాక వెనక్కి తిరగకూడదు. ఒకరోజు ఆమె కొడుకు తన స్కూటరు తాళాల కోసం వెనకాల పరుగెత్తుకుంటూ వస్తే రాజ్యం మెడ కూడా తిప్పలేదు.

"చుట్టూ తిరిగి ఎదురుగా రారా!" అని ముందుకు చూస్తూనే అరిచింది. పాపం ఆయన ఆఫీసు చెప్పులతో పార్కంతా చుట్టి వచ్చి తాళాలు తీసుకున్నాడు.

ఈ నియమం తెలియనివాడు ఒక్కడే, హృషికేశ్. కొత్తగా కట్టిన అపార్టుమెంటులోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు. చెవుల్లో పాటలు పెట్టుకుని ఎడమవైపుగా పరుగెత్తేవాడు. వాడి ముందు చాక్లెట్ పరుగెత్తేది. చాక్లెట్ అంటే ఏ చిట్టి కుక్కో అనుకునేరు. దూడంత ఉంటుంది, నల్లటి రాట్‌వీలర్. మెడకు పట్టా ఉంది కానీ పట్టాకు గొలుసు లేదు. అందరూ కుడికి, అది ఎడమకి. కాబట్టి ప్రతి చుట్టులోనూ అది ముఖాముఖి ఎదురయ్యేది.

"దాన్ని కట్టేయి నాయనా" అంది రాజ్యం మొదటిరోజే.

"ఏం చేయదాంటీ. చాలా ఫ్రెండ్లీ."

"నేను ఫ్రెండ్లీ కాదు."

హృషికేశ్ నవ్వాడు. "పార్కు అందరిదీ కదాంటీ. అది కూడా పరుగెత్తాలి కదా."

"అందరిదీ కాబట్టే కట్టమంటున్నా. నీ ఒక్కడిదే అయితే పులిని తెచ్చుకో, నాకేం?"

పక్కన నడుస్తున్న శారదమ్మ ఆమె మోచేయి గిల్లింది. శారదమ్మ ఎదురింటావిడ, పుట్టి పెరిగిందంతా ఈ చుట్టుపక్కలే. "ఏంది రాజ్యమ్మా, గా పోరనితోని లొల్లి? కుక్క మంచిదే. నా చేతిల నుంచే చలిమిడి తింటది, సూడు."

నిజమే, తినేది. అసలు గొడవంతా అక్కడే ఉంది. నాగులకని ఆడవాళ్ళు పాలూ చలిమిడీ తెచ్చి రాతి ముందు పెట్టి వెళ్ళేవారు. చాక్లెట్ వచ్చి అన్నీ నాకేసేది. నాగేంద్రుడే ఈ రూపంలో వచ్చి ఆరగిస్తున్నాడని కొందరు మురిసిపోయారు కూడా. బెల్లం రుచి మరిగిన ఆ కుక్క కొన్నాళ్ళకు రాతి దాకా ఆగడం మానేసింది. పళ్ళెం కనబడితే చాలు, మనిషి మీదికే దూకేది. ఒకరోజు శారదమ్మ చేతిలో పళ్ళెం లాక్కుంది. ఆమె వెల్లకిలా పడి తలకు బొప్పి కట్టించుకుంది. అయినా, "ఆకలైనట్టున్నది" అంటూ లేచింది.

రాజ్యం మాత్రం అప్పటి నుంచి చేతిలో ఇత్తడి చెంబు వదల్లేదు. అడిగితే నాగులకు పాలు అనేది.

మండలం ఇంకా పూర్తికాలేదు. ఆ ఉదయం ధనశ్రీ కూడా వస్తానంది. ఇంట్లో పడుకుని పడుకుని వీపు కాయలు కాసిందట, కాసేపు ఎండలో కూర్చుంటుందట. రాజ్యం ఆమెను గేటు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, చలిమిడి పళ్ళెం ఒళ్ళో పెట్టింది.

"నా చుట్లు అయ్యాక నైవేద్యం పెడదాం. అంతదాకా కదలకు."

"నేనేమైనా చిన్నపిల్లనా అమ్మా?"

"కడుపులో ఉంది కదే చిన్నపిల్ల. దానికి చెబుతున్నా."

చెంబులో పాలు తొణక్కుండా రాజ్యం నడక మొదలుపెట్టింది. పారిశ్రామికవాడ వైపు నుంచి మందుల వాసన వస్తోంది. బెంచీ దాటి కాస్త దూరం పోయిందో లేదో, ఎదురుగా చాక్లెట్ వచ్చింది. ఎప్పటిలాగే ఆమె పక్కకు తప్పుకోలేదు. కుక్కే ఆమెను చుట్టి, చెంబును వాసన చూసి, ఆమె వెనకవైపుకు పోయింది. దాని గోళ్ళు బాట మీద టకటకలాడుతూ దూరమయ్యాయి.

తర్వాత ధనశ్రీ కేక వినిపించింది.

వెనక నుంచి పిలిస్తే తిరక్కూడదు. తిరిగితే మొక్కు చెడుతుంది. ఆ మొక్కు మీదే ఆ కడుపు నిలిచి ఉందని రాజ్యం నమ్మకం. అన్ని రోజులుగా తుమ్మినా దగ్గినా వెనక్కి చూడని మనిషి ఆ కేకకు గిరుక్కున తిరిగింది. తిరిగి, ఎడమవైపుగా, అప్రదక్షిణంగా పరుగెత్తింది. ఆ మోకాళ్ళతో ఎలా పరుగెత్తిందో చూసినవాళ్ళకు ఇప్పటికీ అంతుబట్టదు.

ధనశ్రీ పళ్ళెం తల మీదికి ఎత్తింది. అదే ఆమె చేసిన పొరపాటు. కుక్క రెండు కాళ్ళూ ఆమె గుండెల మీద పెట్టి ఎగిరింది. ఆమె బెంచీ మీంచి పక్కకు ఒరిగి, పొట్ట చుట్టూ చేతులు చుట్టుకుని నేలమీద ముడుచుకుపోయింది. చలిమిడి చీర మీద చెదిరింది. కుక్క దానికోసం చీర కుచ్చిళ్ళు చీల్చింది. ధనశ్రీ కాలితో తన్నింది. ఆ తన్నుతో కుక్క గొంతులో ఏదో మారింది. అప్పటిదాకా తిండి కోసం లాగింది కాస్తా గుర్రుమంటూ తొడ పట్టుకుంది.

రాజ్యం చెంబుతో కొట్టిన మొదటి దెబ్బ కుక్క నడినెత్తిన పడింది. పాలు గాలిలోకి లేచాయి. కుక్క తొడ వదిలి ఇటు తిరిగి రాజ్యం ఎడమచేతిని మోచేతి కింద కరిచి పట్టుకుంది. పళ్ళు ఎముకకు తగిలిన చప్పుడు ఆమెకే వినిపించింది. తల విదిలిస్తూ కిందికి గుంజుతోంది. వెనక్కి లాగితే కండ ఊడివస్తుందని ఆమెకు తోచింది. లాగలేదు. ఆ చేతినే దాని గొంతులోకి ఇంకా తోసింది. కుక్కకు డోకు వచ్చింది. కుడిచేతిలోని చెంబుతో ముక్కు మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. కన్ను పక్కన కొట్టింది. చెంబు సొట్టపోయింది. ఒక కోర విరిగి బాట మీద పడింది. ఆమె చేతి నుంచి నెత్తురు కారి కుక్క నోట్లోకే పోతోంది. ఏ నెత్తురు ఎవరిదో తెలియడం లేదు.

కుక్క వదిలేసింది. రాజ్యం వదల్లేదు.

బెంచీ కిందికి దూరబోతున్న దాన్ని పట్టా పట్టుకుని బయటికి గుంజి మరీ కొట్టింది. అది కుయ్యిమంటోంది. హృషికేశ్ చెవుల్లోంచి వైర్లు పీక్కుంటూ పరుగున వచ్చాడు.

"ఆంటీ! ఆంటీ, ప్లీజ్! వదిలేయండి!"

వాడి భుజం మీద ఒకటి పడింది. వాడు కుక్క మీద బోర్లా పడి కాచాడు. వీపు మీద ఇంకోటి పడింది. శారదమ్మ గేటు దగ్గర నిలబడి, "అయ్యో, సంపుతది! ఎవరన్న పట్టుకోన్రి!" అని అరుస్తోందే కానీ దగ్గరికి రాలేదు. ఇంకెవరూ రాలేదు.

"అమ్మా!" అంది ధనశ్రీ నేలమీంచే. "చాలమ్మా. చచ్చిపోతుంది. చాలు."

ఆ గొంతు వినగానే చెంబు ఆగింది. రాజ్యం చుట్టూ చూసింది. కుక్కకు ఒక కన్ను మూసుకుపోయింది, చెవి రెండుగా చీలింది. హృషికేశ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆమె కూతురి పక్కన కూలబడి పొట్టమీద చెయ్యి వేసింది.

"కదులుతోందా?"

"తెలీడం లేదమ్మా."

రాజ్యం ముఖం పాలిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత హృషికేశ్ వైపు తిరిగింది.

"ఏడ్చింది చాలు. కారు తియ్యి."

"చాక్లెట్‌ని..."

"దాన్నీ ఎక్కించు. ముందు బెల్టు విప్పి దాన్ని కట్టు. ఇప్పుడైనా కట్టరా నాయనా!"

అలా కుక్క, కుక్కకాటు తిన్నవాళ్ళు ఒకే కారులో బయల్దేరారు. ముందు సీటులో ప్యాంటు బెల్టుతో కట్టిన చాక్లెట్, వెనక తల్లీకూతుళ్ళు. రాజ్యం చేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసి సీటు మీద కారుతోంది. ట్రాఫిక్‌లో కారు ఆగిన ప్రతిసారీ కుక్క మూలిగేది. మూలిగినప్పుడల్లా, "నోర్ముయ్" అనేది రాజ్యం. ధనశ్రీకి భయంలోనూ నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో నర్సు చేతికి కుట్లు వేయబోతే రాజ్యం చేయి ఇవ్వలేదు.

"ముందు నా కూతురి కడుపు చూడండి. లోపలి బిడ్డ గుండె చప్పుడు నాకు వినిపించాకే నన్ను ముట్టుకోండి."

"రక్తం పోతోందమ్మా!"

"నాదేగా పోతోంది."

చివరికి డాక్టరమ్మ ధనశ్రీ పొట్టమీద యంత్రం పెట్టి, తలుపు తీసి ఉంచింది. గుర్రం దౌడు తీసినట్టు బిడ్డ గుండె చప్పుడు వరండాలోకి వినిపించింది. అప్పుడు రాజ్యం చెయ్యి చాచింది. కుట్లు వేస్తున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఆ చప్పుడే విన్నది. తర్వాత ఇద్దరికీ కుక్కకాటు సూదులు వేశారు.

చేతికి కట్టుతోనే వారంలో మళ్ళీ పార్కుకు బయల్దేరింది. శారదమ్మ దారికడ్డం వచ్చింది.

"మొక్కు ఇరిగింది కదా రాజ్యమ్మా. ఎనుకకు తిరిగినవ్. మళ్ల షురూ నుంచి తిరగాలె. లేకుంటే పిల్లకు మంచిది కాదు."

"ఎక్కడ ఆపానో అక్కడి నుంచే తిరుగుతా."

"గట్లెట్ల? నాగులతోని పరాచకమా?"

"నాగుల పాలన్నీ కుక్కకు పోసిందెవరో ముందు అది చెప్పు."

శారదమ్మ మూతి ముడుచుకుని నాలుగు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత రాతి ముందు ఎవరూ ఏమీ వదిలి వెళ్ళలేదు. నైవేద్యం చూపించి ఇంటికి తెచ్చుకుని పిల్లలకు పెట్టారు. హృషికేశ్ మళ్ళీ వచ్చాడు, చేతికి రెండు చుట్లు చుట్టిన గొలుసుతో. ఒంటికన్ను చాక్లెట్ వాడి కాలికి అంటుకుని నడుస్తోంది. వాడు కూడా కుడివైపుగానే తిరుగుతున్నాడు. భక్తి వల్ల కాదు, రాజ్యానికి ఎదురుపడే ధైర్యం లేక. ఆమెను దాటాల్సి వస్తే బాట దిగి గడ్డిలోంచి పోతాడు.

అయినా నెలలు నిండేదాకా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు. ధనశ్రీకి కాస్త నొప్పి వస్తే చాలు, ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. పైకి అనకపోయినా అందరి మనసులోనూ మెదిలేది రాజ్యం వెనక్కి తిరిగిన ఆ చుట్టే. వానలు పడుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఎదురుగా ఉన్న నర్సును తన్నింది. ఎవరి పోలికో వేరే చెప్పాలా?

ఇదంతా రాసి చదివి వినిపించాను. రాజ్యం ఎడమచేతి మీది మచ్చ గోక్కుంటూ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వింది. అంతా అయ్యాక అడిగాను: "మరి వెనక్కి తిరిగేటప్పుడు భయం వేయలేదా నానమ్మా? మొక్కు చెడితే బిడ్డకేమవుతుందోనని?"

"అరిచింది నా కూతుర్రా వెధవా, దేవుడేం అరవలేదు. లే, మంచం దిగి పళ్ళు తోముకో."