నీళ్లడిగిన గొంతు

దయ్యాలంటే నాకు నవ్వు. మాది అచ్చంపేట. అడవి అంచున పుట్టినవాడికి దయ్యాల కథలకేం కొదవ? అన్నీ విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. గద్వాల దగ్గర పాత ఇనుము యార్డులో ఇంజన్ డ్రైవర్‌గా చేరాక, అమావాస్యకు మావాళ్లు ఇంజన్‌కి కట్టిన నిమ్మకాయను విప్పి మజ్జిగలో పిండుకుని తాగాను. యార్డంతా తిట్టింది. నాకేమీ కాలేదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, నన్ను పిరికివాళ్ల లెక్కలో వెయ్యకూడదని.

మా యార్డులోకి రైలు పట్టా నేరుగా వస్తుంది. పనికిరాని వ్యాగన్లను గేటు దాకా తెచ్చి వదులుతారు. అక్కణ్ణుంచి కోత షెడ్డుకు నెట్టడం నా చిన్న ఇంజన్ పని. మనిషి నడకంత నెమ్మదిగా పోతుంది కానీ చప్పుడుకు చెవులు చిల్లులు పడతాయి. నెట్టేటప్పుడు వ్యాగన్ల ముందు ఏముందో నాకు కనపడదు. కింద నడిచే మనిషి చేయి ఊపితే కదలాలి, చేయి ఎత్తితే ఆగాలి.

పోయిన ఎండాకాలం ఆ పనికి బసప్ప వచ్చాడు. రాయచూరు అవతల ఏదో పల్లె. అతనికి తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. సైగలతోనే మంచిగా కుదిరింది. అన్నం వేళకు వాళ్లింటి పల్లీల పొడి నా జొన్నరొట్టె మీద వేసి, నేను తినేదాకా చూసేవాడు.

ఒక మధ్యాహ్నం వ్యాగన్లు నెడుతున్నాను. బసప్ప చేయి ఊపాడు, కదిలాను. మలుపు దగ్గర కనుమరుగయ్యాడు. అంతలో అతని గొంతు వినిపించింది.

"నీళ్లు! నీళ్లూ!"

ఎండ మండిపోతోంది. గొంతులో ఆత్రం ఉంది. దూపైనవాడికి ఆత్రం ఉండదా అనుకున్నాను. "జర ఆగు, తెస్త!" అని కేకేసి, మలుపు దాటాక సీసా పట్టుకుపోదామని అలాగే నెట్టాను.

పట్టాలు కలిసే చోట బసప్ప కాలు ఇరుక్కుంది. వ్యాగన్ అతని మీదికి పోయింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

నీళ్ల కోసం నా వైపు రాబోతూ కాలు ఇరికించుకున్నాడనుకున్నాను. విచారణలో, కేక ఏమైనా విన్నావా అని అడిగారు. చప్పుడులో ఏమీ వినపడలేదన్నాను. నీళ్లడిగిన మనిషికి నీళ్లివ్వలేదని నలుగురిలో చెప్పడానికి నోరు రాలేదు. నా తప్పు లేదని తేల్చారు. బసప్ప భార్య వచ్చినప్పుడు, ఎవరో ఆమె మాట నాకు తెలుగులో చెప్పారు. చివరికి ఏమన్నా అన్నాడా అని అడుగుతోందట. తల అడ్డంగా ఊపాను.

అప్పట్నుంచి ఇంజన్‌లో రెండు సీసాలు పెట్టుకుంటున్నాను. ఎవరు నీళ్లడిగినా ఎక్కడున్నది అక్కడే ఇంజన్ ఆపేస్తాను. యజమాని విసుక్కున్నా వినను.

ఈ ఎండాకాలం బసప్ప పనిలో యాదగిరి ఉన్నాడు. కర్ణాటక సరిహద్దున ఉన్న గట్టు దిక్కువాడు, వాళ్లింట్లో సగం కన్నడమే. అదే మలుపు దగ్గర, పట్టపగలు, వ్యాగన్లు నెడుతుంటే మళ్లీ వినిపించింది.

"నీళ్లు! నీళ్లూ!"

అదే గొంతు. నా చేయి తనంతట తానే బ్రేకు వేసింది. సీసా తీసుకుని దిగి, వ్యాగన్ల వెంబడి నడిచాను. ముందు యాదగిరి ఎవరినో పట్టాల మీంచి లేపుతున్నాడు. ఇనుము ఏరే ఖాసింబీ. అటువైపు ఆగి ఉన్న వ్యాగన్ నీడ పట్టాల మీద పడుతుంటే, చల్లగా ఉందని అక్కడే కొంగు పరుచుకుని పడుకుందట. నేను నెట్టిన వ్యాగన్ చక్రం ఆమె చెప్పులకు ఆనుకుని ఆగింది.

"నీళ్లెవరడిగిన్రు?" అన్నాను.

యాదగిరి నన్ను వింతగా చూశాడు. "నీళ్లేందన్నా? నిల్లు అన్నరు గద. నేను గూడ ఇన్న. గందుకే గద నువ్వు ఆపినవ్?"

"నిల్లు అంటే ఏంది?"

"కన్నడల ఆగుమని. గీ ఖాసింబీనే ఒర్రిందేమో అనుకున్న."

"నేను నిద్రల ఉన్న బిడ్డా," అంది ఖాసింబీ. "నాకు కన్నడం యాడొస్తది?"

నేను పట్టా మీద కూలబడ్డాను. ఆమె కోసం భయపడ్డాననుకుని, ఖాసింబీయే నా చేతిలోని సీసా తీసుకుంది. కొన్ని తాగి, మిగిలినవి నా దోసిట్లో పోసి మొఖం కడుక్కొమ్మంది. కడుక్కున్నాను. ఏడుపు ఆగలేదు.

బసప్ప నా దగ్గరికి నీళ్లకు రాలేదు. కాలు ఇరుక్కుని, ఆగు ఆగు అని మొత్తుకున్నాడు. అందుకు నేను, తెస్తానన్నాను.

యార్డు గోడ అవతల ఎవరైనా అరిచారేమో అని ఆ సాయంత్రమే పోయి చూశాను. దున్ని వదిలేసిన పొలం, మనిషి జాడ లేదు. నా చెవి మోసం చేసిందనుకుందామంటే యాదగిరి కూడా విన్నాడు. ఆ గొంతు ఎవరిదో నేను చెప్పలేను. బసప్పదే అనడానికి ఇప్పటికీ నాకు మనసు ఒప్పదు, కాదనడానికి ధైర్యం చాలదు. ఒక్కటి మాత్రం తెలుసు. బసప్ప పోయినప్పుడే ఆ కేక సంగతి ఎవరితోనైనా చెప్పుకుని ఉంటే, గద్వాలలో ఏ చాయ్ బండివాడైనా ఆ మాటకు అర్థం చెప్పేవాడు.

బసప్ప భార్య అడిగినదానికి జవాబు ఇప్పుడు నా దగ్గర ఉంది. కన్నడంలో నాకు వచ్చిన మాట అదొక్కటే. రాయచూరు బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. చేయి ఎత్తితే ఆగుతుంది. నేనింకా ఎత్తలేదు.