కంద బచ్చలి కూర కోసం కృష్ణగిరి దాకా

రెండు వేల రెండో సంవత్సరం చివర్లో, ఒక్క పూట భోజనం కోసం మా బావ సత్యాన్ని తీసుకుని బెంగళూరు నుంచి హోసూరుకి, అక్కణ్ణుంచి కృష్ణగిరికి వెళ్ళాను. ఆ దారిలో గోదావరి జిల్లాల భోజనం ఎక్కడైనా దొరుకుతుందా అని ఈమధ్య ఒక పాఠకుడు అడిగాడు. అప్పుడు దొరికేది. ఆ రోజు సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అడిగారు కాబట్టి రాస్తున్నాను.

సత్యం మా అక్క భర్త. అమలాపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంట మేస్త్రి. అయిదు వందల విస్తళ్ళ వంటైనా ఆయన దగ్గర కొలతపాత్ర ఉండేది కాదు. గాడిపొయ్యి మీద గుండిగ ఉడుకుతుంటే అబక గరిటెతో రవ్వంత తీసి ఎడమ అరచేతిలో వేసుకుని నాలుకకి తగిలించి, "ఇంకో రెండు గుప్పిళ్ళు వెయ్యి" అనేవాడు. అంతే, ఆ తర్వాత ఎవరూ ఉప్పు అడిగేవారు కాదు. అలాంటి మనిషికి నాలుక పక్కన పుండు లేచింది. పొగాకు అలవాటు కూడా లేదు. బెంగళూరు ఆసుపత్రిలో ఏడు వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. పుండు మానింది, జబ్బు పోయిందన్నారు. దానితోపాటు రుచి కూడా పోయింది. వస్తుందా అని అడిగితే, "కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ఆర్నెల్లు చూద్దాం" అన్నాడు డాక్టరు.

బావ ఆ మాట ఒప్పుకోలేదు. "క్యాంటీన్లో తీపి సాంబారు, లాడ్జి ఎదురుగా కారప్పొడి అన్నం. ఇవి మన తిండి కాదురా. ఎరిగిన కూర పడితే నాలుక తనే గుర్తుపడుతుంది" అనేవాడు. ఇంటికి వెళ్ళేదాకా ఆగుదామంటే డాక్టరు ఇంకో పదిహేను రోజులు ఊరికి వెళ్ళొద్దన్నాడు. ఈలోగా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మాఘమాసంలో పెద్ద పెళ్ళి, వంట మీరే చెయ్యాలి, ఆదివారంలోగా మాట చెప్పమన్నారు. బావ కింద పనిచేసే ఎనిమిది మంది ఆ ఏడు వేరే ఎవరి దగ్గరా పని ఒప్పుకోకుండా ఆయన కోసమే కూర్చున్నారు. పిల్లల పరీక్షలని అక్క ఊరికి వెళ్ళింది. బావ దగ్గర నేనే ఉన్నాను. ఆసుపత్రి వరండాలో పరిచయమైన ఒక లారీ డ్రైవరు, హోసూరులో రాజోలు వైపు ఆవిడ మెస్ నడుపుతోందని చెప్పగానే బావ కళ్ళు వెలిగాయి. "రేపే పోదాం" అన్నాడు.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి లాడ్జి దగ్గర సిటీ బస్సు పట్టుకుని, సిల్క్ బోర్డు దగ్గర దిగి హోసూరు బస్సెక్కాం. అప్పట్లో టిక్కెట్టు పదిహేను రూపాయల లోపే. అత్తిబెలె దాటి తమిళనాడులోకి వెళ్ళడానికి గంటంబావు పట్టింది. దారి పొడవునా బావ నీళ్ళ సీసా పట్టుకుని గుక్కలు వేస్తూనే ఉన్నాడు. కరెంటుకి లాలాజలం ఎండిపోయింది మరి. హోసూరు బస్టాండు నుంచి ఆటోలో డ్రైవరు చెప్పిన వీధికి వెళ్తే మెస్ తలుపుకి తాళం ఉంది. బోర్డు తీసేసిన చోట రెండు మేకులు మాత్రం మిగిలాయి. పక్క గదిలో కుట్టుమిషను మీద ఉన్న ముసలాయన అద్దాల పైనుంచి మమ్మల్ని చూశాడు.

"యాడ నుంచి వచ్చినారప్పా?"

చెప్పాను.

"ఆయమ్మ ఈడ లేదు. బిల్డింగాయన ఖాళీ చెయ్యమన్నాడు. కృష్ణగిరికి పోయి ఆరు నెల్లాయ. ఆడ పాత బస్టాండు వెనకాల పెట్టిందంట." ఆయన బావ వైపు తిరిగి, "ఈయప్పకి ఒంట్లో బాగలేదా? మొగం వాడిపోయి ఉండాది. రొంత కూర్చోండి" అని స్టూలు జరిపాడు.

తిరిగి వెళ్ళిపోదామన్నాను. బావ కూర్చోలేదు. "ఇంత దూరం వచ్చాం, ఇంకో గంట" అన్నాడు. నాలుగు నెలల్లో ఆయన ఏదైనా గట్టిగా కోరుకోవడం అదే మొదలు. కాదనలేకపోయాను.

పదకొండింటికి కృష్ణగిరి బస్సు దొరికింది. దూరం యాభై కిలోమీటర్లు, శూలగిరి మీదుగా గంటన్నర లోపు ప్రయాణం. మా సీట్లో కిటికీ వైపు వేప్పనపల్లి దగ్గరి రైతు ఒకాయన కూర్చున్నాడు. మామిడితోట ఉందట. మా మాటలు వింటూ వింటూ, "మీ తెలుగు వేరే మాదిరి ఉండాదే. ఏ ఊరు?" అన్నాడు. గోదావరి జిల్లా అని చెబితే, "అంత దూరం నుంచి అన్నం తినేదానికి కృష్ణగిరికి వచ్చినారా?" అని నవ్వాడు. బావ నవ్వకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు. దిగేటప్పుడు రైతు బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"మా ఇంటికి రా అప్పా. సంగటి, అనపగింజల పులుసు చేయిస్తా. మెత్తగా గొంతు దిగుతుంది. రుచి తెలిసినా తెలవకపోయినా కడుపన్నా నిండుతుంది గదా."

మరోసారి వస్తామని చెప్పాం. పేరు కూడా అడగలేదు.

పన్నెండున్నరకి మెస్ చేరాం. రేకుల కప్పు, నాలుగు బల్లలు, భోజనం పాతిక రూపాయలు. గ్రానైటు పాలిషింగుకి మన వైపు నుంచి వచ్చిన కూలీలు తినేది అక్కడే. నడిపే ఆవిడ పేరు సుబ్బలక్ష్మి. భర్త అదే పనికి వచ్చి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడట. ఆవిడ ఊరికి తిరిగి వెళ్ళలేదు. ఆ రోజు వంట వంకాయ కూర, పప్పుచారు. బావ తన ఊరు చెప్పి, మొహమాటపడుతూ, "కంద బచ్చలి చెయ్యగలరామ్మా?" అని అడిగాడు.

"అయ్యబాబోయ్, ఎన్నాళ్ళైందండీ ఆ కూర పేరు విని! బచ్చలి పెరట్లో ఉంది, కంద ఇప్పుడే తెప్పిస్తాను. గంట కూర్చోగలరా?" అంది ఆవిడ.

బావ కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, చింతపండు రసం ఎప్పుడు పొయ్యాలో, ఆవ నూరి కూర దించాకే ఎందుకు కలపాలో చెబుతూనే ఉన్నాడు. ఆయన పెళ్ళిళ్ళు చేసిన ఊళ్ళ పేర్లు వింటుంటే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కూర దించి ఆవ కలిపాక, గరిటెతో కొంచెం తీసి బావ అరచేతిలో వేసింది. "మేస్త్రిగారు, ఉప్పు చూడండి. మీ ముందు నేను చూడ్డమేంటి!"

బావ ఎడమ చెయ్యి చాచాడు. నాలుకకి తగిలించి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ముఖంలో పెద్ద మార్పు వచ్చింది.

"తెలిసిందిరా! ఆవ ఘాటు ముక్కుకెక్కింది! ఉప్పు కూడా సరిగ్గా సరిపోయిందమ్మా" అన్నాడు.

ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుని విస్తళ్ళు వేసింది. నెయ్యి పోసిన అన్నంలో కూర కలిపి బావ పెద్ద ముద్ద పెట్టుకున్నాడు. నీళ్ళ సాయంతో మింగి నా వైపు చూసి నవ్వాడు. "పెళ్ళివాళ్ళకి ఇవాళే ఫోన్ చేద్దాం" అన్నాడు. అప్పుడు నేనూ ముద్ద పెట్టుకున్నాను.

కూరలో ఉప్పు లేదు. తగ్గడం కాదు, అసలు వెయ్యనే లేదు. ఆవ ఘాటు మాత్రం నిజమే, అది ముక్కుకి తెలుస్తుంది. నాలుకకి పని లేదు. తల వంచుకుని మరో ముద్ద కలిపాను. ఇంకో పది నిమిషాలు, తినడం అయ్యేదాకా, ఆ తర్వాత బస్టాండులో చెబుదాం అనుకున్నాను. చెప్పేవాణ్ణో లేదో ఇప్పటికీ తెలియదు.

ఎందుకంటే ఆవిడ అదే కూర పక్క బల్లకి కూడా వడ్డించింది. అక్కడ సిక్కోలు కుర్రాళ్ళు ముగ్గురు ఉన్నారు. అక్కని అప్పా అనే వాళ్ళలో ఒకడు తలెత్తి ఆవిడతో అరిచాడు.

"అప్పా! కూరల ఉప్పెయ్యనేదేటి?"

ఆవిడ అక్కడే ఆగిపోయింది. ఒక్క క్షణం బావని చూసి, వెంటనే నుదురు కొట్టుకుంది. "నా మతి మండా! కబుర్లలో పడి మర్చిపోయాను. మేస్త్రిగారికి చూపించినప్పుడు పైన కొంచెం చల్లాను, గిన్నెలో వెయ్యలేదు."

అబద్ధమని ఆవిడకీ, బావకీ, నాకూ తెలుసు. బావ చెయ్యి విస్తట్లో అలాగే ఉండిపోయింది.

"మీరు చల్లలేదమ్మా. నన్నడిగారు, నేనే సరిపోయిందన్నాను" అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"మొదటి ముద్దకే?"

తలూపాను.

"మరి చెప్పలేదే?"

ఆవిడ ఉప్పు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. బావ ఉప్పు వేసుకోలేదు. విస్తట్లో ఉన్నదంతా, మెతుకు మిగల్చకుండా, ఒక్కో ముద్దకీ ఒక్కో గుక్క నీళ్ళు తాగుతూ తినేశాడు. చెయ్యి కడుక్కుని ఆవిడకి నమస్కారం పెట్టాడు.

పాత బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ ఉంది. అద్దం తలుపు సరిగ్గా పడలేదు, మాటలు బయటికి వినిపించాయి. "నేను రానండీ... లేదు, ఒళ్ళు బాగానే ఉంది... నాలుక లేదు, అంతే. వేరే మేస్త్రిని చూసుకోండి. మా వాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, వాళ్ళని మాత్రం తీసుకోమని చెప్పండి." బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని చాలాసేపు తన ఎడమ అరచేతినే చూసుకున్నాడు.

మూడున్నరకి బెంగళూరు బస్సు ఎక్కాం, తిన్నగా వెళ్ళేదే. హోసూరు దాటాక బావ నన్ను చూడకుండానే అన్నాడు. "వాడెవడో అరవకపోతే, మాఘమాసంలో అయిదు వందల మంది ముందు అరిచేవారు. ఆ మాట నువ్వు చెప్పి ఉండాల్సిందిరా." అందులో కోపం లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

ఆ తర్వాత బావ తొమ్మిదేళ్ళు బతికాడు. జబ్బు తిరగబెట్టలేదు. రెండేళ్ళకి తీపి కొంచెం తెలిసిందన్నాడు. ఉప్పు మాత్రం చివరి వరకూ తెలియలేదు. మళ్ళీ గరిటె పట్టలేదు, ఎవరి పెళ్ళికీ భోజనానికి వెళ్ళలేదు. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు హైదరాబాదులో కేటరింగులో చేరారు, మిగిలినవాళ్ళ సంగతి తెలియదు. నేను మాత్రం కృష్ణగిరి మీదుగా ఎప్పుడు వెళ్ళినా ఆ రైతు పిలిచిన పిలుపే తలుచుకుంటాను. ఆయన ఇంటికి వెళ్ళి ఉంటే బావకి కడుపు నిండేది, ఆశ ఇంకొన్నాళ్ళు మిగిలేది. దూరదేశంలో మన కూర దొరికితే ప్రాణం లేచొస్తుందని అందరూ రాస్తారు, నేనూ రాశాను. కానీ కొన్ని నష్టాల్ని ఏ కూరా పూడ్చలేదు. ఆ రోజు మేం అంత దూరం వెళ్ళి తెచ్చుకున్నది ఆ ఒక్క సంగతే.

కరెంటు పెట్టించుకున్నవాళ్ళని ఈ దారిలో తీసుకెళ్ళేవారికి ఒక సలహా. మెస్ ఇంకా ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని, బెంగళూరు నుంచి నేరుగా కృష్ణగిరి బస్సు ఎక్కండి. పెద్ద నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. వాళ్ళ పక్కన కూర్చుని మీరూ తినండి. తింటున్నప్పుడు మాత్రం ఎలా ఉందని అడగకండి.