ఒకే రోజు టైపు చేసిన రెండు కాగితాలు

పోయిన ఆదివారం ఝపటాపూర్‌లో మా వీధి చివరి క్లబ్బువాళ్లు అగ్నిమాపక సిబ్బందికీ పోలీసులకూ సన్మానం పెట్టుకుని, ఈ పేటలో నాకంటే పాతమనిషి ఎవరూ మిగల్లేదు కనుక నన్ను కూడా తీసుకువెళ్లి వేదిక మీద కూర్చోబెట్టారు. నలభైమందికి పైగా వరసగా వచ్చారు, ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక చట్రం కట్టిన ప్రశంసాపత్రం, ఒక ఫోటో. రెండు గంటలు నడుం నొప్పితో కూర్చున్నాను గానీ, వీళ్లలో ఎవరు ఏం చేశారో మైకులో ఒక్కమాట చెప్పినవాళ్లు లేరు. ఇంటికొచ్చాక కోడలితో ఆ మాటే అంటే, అందరికీ ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు కదత్తయ్యా అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా సయించలేదంటే, ఈ వయసులో అంత కోపం దేనికని మీరనుకోవచ్చు. ఖరగ్‌పూర్‌లో నాతోపాటు పెరిగి పెద్దవాళ్లయిన మీకు చెబితేనైనా అర్థమవుతుందని రాస్తున్నాను.

నా కోపం మా మేనమామ గురించి. అమ్మకు తమ్ముడు, శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్నగారి వెనకే వచ్చి ఇక్కడ రైల్వే ఫైర్ సర్వీసులో చేరిన మనిషి. మా ఇల్లు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉండేది, రెండు సందులవతల మావయ్య క్వార్టరు. ఎవరి గుమ్మం తొక్కినా ఆయన కళ్లు ముందు వంటగదిలోకి పోయేవి, కిరసనాయిలు డబ్బా పొయ్యికి ఎంత దూరంలో ఉందో, దీపం పక్కన ఏ గుడ్డ వేలాడుతోందో చూసుకుని, ఆడవాళ్లను నాలుగు చీవాట్లు పెట్టాకే కూర్చునేవాడు. సందు మొదట్లో ఆయన బూట్ల చప్పుడు వినపడగానే మా అమ్మ నూనె సీసాను మంచం కిందికి తోసేసేది, అది ఇంకా ప్రమాదమని ఆయన మళ్లీ దెబ్బలాడేవాడు. బెంగాలీలు ఫైరింజనును దమకల్ అంటారు కదా, పక్కింటి బెంగాలీ పిల్లలు ఆయన్ని దమకల్ మామా అనేవారు, మావయ్యకు ఆ పేరంటే లోలోపల గర్వంగానే ఉండేది.

నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగంలో ఉండగానే పోవడంతో, హైస్కూలు దాటి టైపు నేర్చుకుంటున్న నాకు ఒక రైల్వే ఆఫీసులో టైపిస్టు పని ఇచ్చారు. అది ఏ ఆఫీసో చెప్పను, అక్కడివాళ్లు చాలామంది ఇప్పుడు లేరు, వాళ్ల పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు. అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ నా ఉద్యోగం మీదే బతికేవారు. మా హెడ్ క్లర్కు ఒక ముసలి బెంగాలీ పెద్దమనిషి, అందరూ బడబాబు అనేవారు, ఎదుటివాడి మనసు కష్టపెట్టని మనిషే గానీ పైనుంచి ఫోను మోగితే చాలు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవాడు.

అరవైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం, గూడ్స్ షెడ్డు దగ్గర నిలబెట్టిన వేగన్లలో జనపనార బేళ్లున్న దానికి నిప్పంటుకుంది. దానికి ఆనుకుని కిరసనాయిలు ట్యాంకు ఒకటి, ఆ వెనక గోడ, గోడకవతల మన ఇళ్లూ, చిన్నపిల్లల బడీ. మావయ్య, మరి ముగ్గురూ ఇంజనుతో వెళ్లేసరికి గొట్టంలో నీళ్లు సన్నగా వస్తున్నాయట. ట్యాంకును అక్కణ్ణించి కదపాలి, కానీ వేగను కదపడం ఫైరువాళ్ల పని కాదు, దానికి అక్కడి అధికారి సంతకం పెట్టిన కాగితం ఉండాలి, ఆ అధికారేమో భోజనానికి బంగళాకు వెళ్లాడు. మనిషిని పంపి కాసేపు చూశారు. తర్వాత మావయ్య తనే రెండు వేగన్ల మధ్యకు దూరి, కాలిపోతున్న ఇనుప కొక్కేన్ని తడి గోనె చుట్టిన చేతులతో విప్పి, షెడ్డులో మూటలు మోసే హమాలీలను ఇరవైమందిని పిలిచి ట్యాంకును తోయించాడు. అది కదిలింది, వేగం అందుకుంది, ఆపేవాళ్లు లేక పట్టాల చివర దిమ్మకు కొట్టుకుని ఆగింది. దిమ్మ పగిలింది, ట్యాంకు ముందుభాగం కొంచెం సొట్టపడింది. జనపనార బూడిదయింది, మరే మనిషికీ ఏమీ కాలేదు. అధికారి జీపులో వచ్చేసరికి పొగ మాత్రం మిగిలింది. మావయ్య రెండు అరచేతులూ పొక్కిపోయి నెలరోజులు అత్తయ్య అన్నం కలిపి తినిపించింది.

ఈ సంగతులన్నీ హమాలీలు చెప్పగా పేటంతా తెలుసు, కనుక ఏటా జరిగే బహుమతుల సభలో ఈసారి మావయ్య పేరు పిలుస్తారని మేమంతా నమ్మకంగా ఉన్నాం. అమ్మ అప్పుడే తెల్లచొక్కా కుట్టించాలంది.

సభకు నెల ముందు ఒకరోజు బడబాబు నాకు రెండు చిత్తుప్రతులు ఇచ్చి సాయంత్రానికి టైపు చేయమన్నాడు. మొదటిది ఆ అధికారిని అసాధారణ సేవకు గాను పురస్కారానికి సిఫారసు చేస్తూ, మంటల మధ్య ట్యాంకును వేరుచేయించి జనాన్ని కాపాడిన సాహసాన్నీ సమయస్ఫూర్తినీ మెచ్చుకుంటూ రాసింది. రెండోది మా మావయ్యకు, అనుమతి లేకుండా అదే ట్యాంకును కదిపి నష్టం కలిగించినందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో పదిరోజుల్లో సంజాయిషీ ఇవ్వమని. రెండింట్లోనూ ఒకటే వేగన్ నెంబరు. నేను పొరపాటు జరిగిందనుకుని ఆ రెండూ పట్టుకుని బడబాబు బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన నా వైపు చూడకుండా కళ్లజోడు తుడుచుకుంటూ, నాకు తెలుసమ్మా, రాసింది నేను కాదు, మనిద్దరం నౌకరీ చేసుకునేవాళ్లం అని హిందీలో నెమ్మదిగా అన్నాడు.

టైపు చేశాను. రెండూ చేశాను. చెయ్యనని అక్కడే పడేసి ఉండాల్సిందని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు, కానీ ఆవేళ నాకు ఇంట్లో ఉన్న ముగ్గురి మొహాలే కనపడ్డాయి. చేసిందల్లా ఒకటి, సిఫారసు ఫారంలో సహకరించినవారు అని ఖాళీగా వదిలిన గడిలో మావయ్య పేరు కొట్టాను. మర్నాడు ఆ పేరు మీద ఎర్రసిరా గీతతో కాగితం వెనక్కొచ్చింది, మళ్లీ శుభ్రంగా కొట్టమన్నారు, కొట్టాను.

మావయ్యకు ఇంగ్లీషు రాదు కనుక సంజాయిషీ రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. ఆ నోటీసు కొట్టింది నేనేనని చెప్పాను. తెలుసులే అన్నట్టు తలూపాడు. నేను అప్పటికే రెండు పేజీలు రాసిపెట్టాను, అధికారి ఎక్కడున్నాడో, ఎంతసేపు చూశారో, తోసిన హమాలీల పేర్లు సాక్ష్యంగా, అన్నీ. తెలుగులో చదివి వినిపిస్తే అంతా విని కాగితాలు నా ఒళ్లో పెట్టేశాడు.

"ఇది సింపేయమ్మా. ఆలు నన్ను అడిగినదేటి? పర్మిషన్ ఉందా అని. నేదు. అదొక్కటీ రాయి."

అది సగం నిజం మావయ్యా, మిగతా సగం ఎవరు చెబుతారని నేను ఏడుస్తూ గట్టిగానే అడిగాను.

"ఆ హమాలీలు రోజుకూలోళ్లు. పట్టాల మీదికి ఎల్లి బండి తోసినారని పేర్లు రాసిచ్చినావంటే రేపే పనిలోకి రావద్దంటారు. నాను పిలిస్తే వొచ్చినారు ఆలు. నా సేతులు బాగుపడతాయి, ఆలకి పని పోతే మరి రాదు."

రెండు వాక్యాల సంజాయిషీ వెళ్లింది. ఆయన సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది.

సభ రైల్వే ఇనిస్టిట్యూట్ మైదానంలో షామియానా వేసి జరిపారు. ప్రశంసాపత్రాలు వరస తప్పకుండా అందించే పని నాకు పడింది. జనం గుమిగూడే చోట ఫైరు మనిషి ఉండాలని నియమం కనుక షామియానా అంచున ఇసుక బాల్చీల పక్కన ఒకరిని నిలబెట్టారు, ఆ నిలబడింది మా మావయ్య. అధికారి పేరు పిలిచారు, ఆయన సాహసమంటూ నేను కొట్టిన వాక్యాలే మైకులో చదివారు. అందరితోపాటు మావయ్య కూడా, ఇంకా గులాబీరంగు చర్మం కనిపిస్తున్న ఆ చేతులతో, చప్పట్లు కొట్టాడు. ఆ అధికారి మీద వచ్చినంత కోపం నాకు మావయ్య మీద కూడా వచ్చింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ నాతోపాటు ఇంటికి వస్తున్నప్పుడు, ఆ మాటలు వింటూ చప్పట్లెలా కొట్టగలిగావని నిలదీశాను.

"ఏ మాటలే? నాను ఇన్నేదు. ఆ లైటు వైరు షామియానా గుడ్డకి తగుల్తంది, అంతసేపూ దాన్నే సూసినాను. నాలుగుమార్లు సెప్పినా తియ్యనేదు ఎదవలు."

నిలదీసినా లోపల ఓదార్చాలనే ఉన్న నాకు ఓదార్చడానికి చోటే ఇవ్వలేదు. నిజంగా వినలేదో, నా కోసం అలా అన్నాడో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. అత్తయ్య మాత్రం, ఆ రాత్రి ఇంటికి వెళ్లాక ఆయన అన్నం ముట్టలేదని తర్వాతెప్పుడో చెప్పింది.

డెబ్బైల మధ్యలో ఆయన రిటైరైనప్పుడు ఇచ్చిన కాగితంలో పనితీరు సంతృప్తికరం అని ఒక్కముక్క రాశారు. మరికొన్నేళ్లకు పోయాడు. నేను సీనియర్ని అయి, బీరువాల తాళాలు నా చేతికొచ్చాక, ఆ ఫైలు తీసి జరిగింది జరిగినట్టు ఒక నోటు రాసి పెడదామని వెతికాను. గడువు దాటిన కాగితాలని అంతకు రెండేళ్ల ముందే తూకానికి వేసేశారట. బడబాబు అప్పటికి లేడు, అధికారి బదిలీ మీద ఎటో వెళ్లిపోయాడు, చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేని కోపం ఎంత అలసట పెడుతుందో ఆ రోజు తెలిసింది.

ఆ రోజులే మంచివని నేననను, ఎలా అనగలను? కానీ అప్పుడు పురస్కారం ఎవరికి వెళ్లినా, నిజంగా చేసిందెవరో మన సందుల్లో ప్రతి ఇంటికీ తెలుసు. మావయ్య వీధిలో నడుస్తుంటే ఆ సంవత్సరమంతా మగవాళ్లు అరుగుల మీంచి లేచి నిలబడ్డారు. మొన్న శాలువాలు కప్పించుకున్న నలభైమందిలోనూ చేతులు కాల్చుకున్నవాడు ఒకడైనా ఉండే ఉంటాడు. వాడు నా ముందు నుంచే వెళ్లాడు, నేను నమస్కారం పెట్టాను. వాడెవడో నాకు తెలియలేదు.