నల్లా లైనూ, కెర్నెల్ కౌంటరూ

మా మేనేజరు దాదర్‌లో ఉండే తెలుగాయన. సోమవారం నా కోడు పీకేస్తామని ఆయన ఫోన్లో చెప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది. ముంబై కామాటిపురలో, వరస గదుల చాళ్‌లోని మా గదిలో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని నడుం పడిపోయేలా రాసిన డ్రైవర్ ప్రోగ్రాం అది. మా కంపెనీ చేసే ఇంటర్నెట్ పెట్టెలో రెండు ప్రాసెసర్ కోర్లూ ఒకేసారి పనిచేసేలా చేసింది అదే. అది చేరాకే పెట్టె ఉన్నట్టుండి ఆగిపోతోంది.

"నీ కోడ్ రాకముందు మంచిగనే నడిచింది కదమ్మా," అన్నాడు. కొత్త కోడలు వచ్చాకే కుండలు పగిలాయన్నట్టు!

నా అనుమానమంతా పెట్టెను నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లోని ఒక పాత కౌంటర్ మీద. మెమరీలో ఒక ముక్కను ఎంతమంది వాడుకుంటున్నారో చెప్పే అంకె అది. ఒకరు వాడటం మొదలుపెడితే ఒకటి కలుస్తుంది, వదిలేస్తే ఒకటి తగ్గుతుంది; సున్నా అయితే కెర్నెల్ ఆ ముక్కను ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఒకటి కలిపే ఆ చిన్న లైనులో తప్పేముందో ఎంత చూసినా దొరకలేదు.

మర్నాడు పొద్దున నీళ్లకు హండా పట్టుకుని కిందికి దిగాను. మా నల్లా దగ్గర ఒక పద్ధతుంది. వచ్చినవాళ్లు "ఆఖరు ఎవరు?" అని అడగాలి. "నేనే" అన్నవాళ్ల వెనక మన నంబరు. ఆ రోజు నేనూ, ఎదురుగది వదినా చెరో మెట్ల మీంచి దిగి ఒకేసారి అడిగాం. లైను చివరనున్న పెద్దమ్మ ఇద్దరికీ కలిపి "నేనేనే" అంది. ఇక చూడండి!

"పెద్దమ్మ ఎనక నేనున్న, జరుగు!" అంది వదిన.

"ఆహా! అడిగింది నేను గాదా?"

"లొల్లి బంద్ జేయుండ్రి," అని పెద్దమ్మ కసిరింది. "ఒక్క జాగల ఇద్దరు ఎట్ల నిలబడ్తరే?"

హండా అక్కడే వదిలేసి గదికి పరుగెత్తాను. కౌంటర్‌లో అయిదుందని ఒక కోర్ చూస్తుంది. అది ఆరు రాసేలోపే రెండోదీ చూస్తుంది, అయిదే. రెండూ ఆరే రాస్తాయి. వచ్చింది ఇద్దరు, లెక్కకెక్కింది ఒక్కరు! తర్వాత ఒకరు ఇంకా వాడుకుంటుండగానే అంకె సున్నాకు చేరుతుంది, మెమరీ చేజారుతుంది, పెట్టె కూలుతుంది. ఒక్క కోరే పనిచేసినన్నాళ్లూ అడిగేది ఒక్కరే కనుక తప్పు బయటపడలేదు.

చూడటం, కలపడం, రాయడం మధ్యలో ఎవరూ దూరలేని ఒక్క పనిగా జరిగేలా కౌంటర్‌ను అటామిక్ చేశాను. తగ్గించి సున్నా అయిందా అని చూడటాన్నీ అలాగే మార్చాను. పరీక్షకు రెండు కోర్లచేతా చెరో కోటిసార్లు ఒకటి కలిపించాను. పాత లైనుతో ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఈసారి అంకె చూసి గ్యాలరీలోకి ఉరికాను.

"రెండు కోట్లు! ఒక్కటి గూడ తక్కువ గాలే!"

"లాటరీ తగిలిందానే?" అంది వదిన, పొద్దుటి కోపం మరిచిపోయి.

"అంతకంటె ఎక్కువ, వదినె!"

ఆ తర్వాత పెట్టె ఒక్కసారీ ఆగలేదు. సోమవారం మీటింగులో మార్పు చూపించాను. మేనేజరు తెర దగ్గరికొచ్చి పాత లైను రెండుసార్లు చదివాడు. చివరికి, "ఆ కౌంటర్ లైన్ రాసింది నేనే," అన్నాడు.

అందరూ వింటున్నారు. నాకు నోరు ఊరుకోలేదు. "అయితే ఇయ్యాల పీకేది ఎవరి కోడ్ సార్?"

"నాదే," అన్నాడాయన.