రాజును గెంతించిన రోజు

ఆదోనిలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. నాది పోతే పోయింది, మా మామ పరువు కూడా ఊడ్చిపెట్టి వచ్చాను.

మాది ఎమ్మిగనూరు. మగ్గం నేసే మామే నాకు చదరంగం నేర్పాడు. ఆటల పిచ్చిలో సంసారం గాలికొదిలేశాడని ఊరంతా ఆయన్ని ఆడిపోసుకునేది. నేను ఆదోని పోటీలో చివరి ఆటకు చేరానని తెలియగానే, ఆ ఆడిపోసుకున్నవాళ్లనే బస్సెక్కించి తీసుకొచ్చాడు. నేను గెలిస్తే ఆయన తలెత్తుకు తిరగొచ్చు.

పొద్దున నిబంధనలు చదివి వినిపించారట. అప్పుడు నేను హోటల్లో రెండో ప్లేటు ఉగ్గాని మీద ఉన్నాను. నాకా నిబంధనలు చెప్పేది!

తెల్లపావులు నావి. మంత్రి ముందున్న బంటును తోసి మొదలుపెట్టాను. నల్లపావులతో ఆడేది పత్తి మిల్లు గుమాస్తా, నోట్లో నాలుక లేనివాడు. బాగానే నలిపేశాను. అంతలో అతను ఏనుగును దింపి నా రాజుకు గురిపెట్టి "షా" అన్నాడు. శకటును అడ్డం పెడితే సరిపోయేది. కానీ అంతమంది చూస్తున్నారే! మా ఊరి ఆటలో రాజు ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. మీసం దువ్వుకుని రాజును గెంతించాను.

"ఇదేందప్పా?" అన్నాడు తీర్పు చెప్పే అయ్యవారు.

"రాజు గెంతు!"

"ఈడ గెంతులు ల్యావు. పొద్దున సెప్తిమి గదా? రాజును ముట్టుకుంటివి, ఇంగ రాజునే కదపాల."

కదపడానికి ఒక్క గడే ఉంది. కదిపాను. మరుసటి ఎత్తుకే ఆటకట్టు. గెలిచిన గుమాస్తా నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు పాపం.

అక్కడితో ఊరుకున్నానా? "మా మామ తప్పు నేర్పినాడు!" అని అందరి ముందూ అరిచాను.

మామ లేచి చేతులు కట్టుకున్నాడు. "అవును అయ్యవారూ, తప్పు నాదే. పిల్లోన్ని ఏమీ అనొద్దండి."

ఊరివాళ్లు పగలబడి నవ్వారు. నేను సిగ్గులేకుండా తల ఊపాను.

తిరుగు బస్సులో మామ నా పక్కనే కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక నా చెవి దగ్గరికి వంగాడు.

"అబ్బీ, మన ఆటలో గూడా షా పడినాక రాజు గెంతకూడదు గదరా. నేర్పిస్తి గదా, మర్సిపోతివా?"

నాకు బస్సులోంచి దూకేద్దామనిపించింది.

"మరి ఆడ సెప్పలేదేం మామా?"

"సెప్తే అంతమందిలో నీ మొగం ఏమైతాదిరా?"

ఆ సీట్లోనే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో గుర్రాన్ని తప్ప దేన్నీ గెంతించను. ఓడితే నోరు మూసుకుని నేనే ఓడతాను.