బాపయ్య పొడుం డబ్బాలో అమెరికా

బాపయ్యకి ఉన్నది ఒకే జబ్బు, అమెరికా బంగారు నాణేల చరిత్ర. మనిషి దొరికితే చాలు, 1795 నుంచి మొదలుపెట్టేవాడు.

గుంటూరు వైపు నుంచి వలసొచ్చిన రైతులు తుంగభద్ర కాలవ కింద వేసుకున్న క్యాంపులో అందరూ వరి గురించి మాట్లాడుకుంటుంటే, ఈయన డాలర్ల గురించి మాట్లాడేవాడు. కారణం, తాతగారు రంగూన్ రేవులో సంపాదించిన ఐదు డాలర్ల కాసు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఆడమనిషి, రెండోవైపు రెక్కలు చాపిన గద్ద. లక్ష్మీదేవి, గరుత్మంతుడు అని తేల్చాడు క్యాంపు పూజారి. అమెరికా వాళ్లు వైష్ణవులని కూడా తేల్చాడు.

మొదట్లో అడిగినవాడికల్లా కాసు చూపించేవాడు. రెండేళ్లుగా మాత్రం ఒక నియమం పెట్టాడు. చరిత్ర మొత్తం విన్నవాడికే కాసు దాచిన పొడుం డబ్బా మూత తీస్తాడు.

ఎవరూ నిలవలేదు. పోస్టుమాన్ 1834లో, నాణేల బరువు తగ్గించిన చోట, సైకిలెక్కాడు. కాలవ లస్కరుకి 1849లో, కాలిఫోర్నియాకి జనం ఎగబడుతుండగా, గేటు దించాలని గుర్తొచ్చింది. పూజారి 1907 దాకా లాక్కొచ్చాడు గానీ, "కొత్త నాణెం మీద దేవుడి ఊసు వద్దన్నాడండీ వాళ్ల ప్రెసిడెంటు" అనగానే చెవులు మూసుకుని లేచిపోయాడు. మరుసటేడే ఆ ఊసు మళ్లీ వేశారన్న సంగతి ఆయనకి ఈనాటికీ తెలియదు.

భార్య శివపార్వతికి ఆ చరిత్రే గడియారం. 1795కి ఎసరు పెట్టి, 1849కి గంజి వార్చేది. ఆమె కోరిక ఒక్కటే, ఆ కాసు తన కాసులపేరులో మధ్యన వేలాడాలని. అడిగితే, "1933 రానీవే" అనేవాడు.

ఒక ముసురు రోజున పొలం పని లేక, కూలికొచ్చే ఉలిగెమ్మ అరుగు మీద చతికిలబడి ఆకూవక్కా తీసింది.

"చెప్పు సావుకారూ. ఇంటా."

1849 దాటింది. "ఊఁ, తర్వాత?" 1907 దాటింది. "ఊఁ." బాపయ్య వేగం తగ్గించాడు. రెండు యుద్ధాలు అదనంగా కలిపినా 1933 రానే వచ్చింది. శివపార్వతి చేతులు తుడుచుకుంటూ వచ్చి డబ్బా లాక్కుని మూత తీసింది.

పొడుం వాసన తప్ప ఏమీ లేదు.

"చెప్పాగా, 1933లో జనం బంగారం సర్కారు పట్టుకుపోయిందని" అన్నాడు బాపయ్య.

"అమెరికా సర్కారు మన ఇంటికొచ్చిందా?"

ఉలిగెమ్మ నవ్వింది. "నాకెరికె అమ్మా. రెండేండ్ల కింద మీ మళ్ల నాటేస్తుంటె నా పుస్తెలు తెగి బురదల పోలేదా? ఇగ మొగుడు బతకడని మా అత్త నింగవ్వ మూడొద్దులు ఏడ్సె. నాలుగోనాడు బురదల దొరికినయని సావుకారు తెచ్చిచ్చె. నావి సొట్టలుబడ్డ చిన్నయి, ఇవి నున్నగ, పెద్దగున్నయి. నా పుస్తెలు బురదల పెరుగుతయా?"

"కంసాలి సుంకప్ప దగ్గర కరిగించారన్నమాట నా కాసు" అంది శివపార్వతి. బాపయ్య ఖాళీ డబ్బా అందుకుని మూత పెట్టాడు.

"ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేమే ఉలిగెమ్మా?"

"చెప్తె కత బందు జేస్తడని." ఉలిగెమ్మ పుస్తెలు రెండూ అరచేతిలోకి తీసుకుంది. "ఒక్కటే తెల్వక ఇంతసేపు కూసున్న. సావుకారూ, వీటిల అమ్మోరు ఏది, గద్ద ఏది?"

బాపయ్య గొంతు సవరించుకున్నాడు. "అది తెలియాలంటే ముందు 1795లో..."

శివపార్వతి ఎసరు పెట్టడానికి లేచింది. ఈసారి ముగ్గురికి.